బోర్డు లేని షెడ్డుకు మార్కులు

విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న ఈ కార్ల మరమ్మతు షెడ్డుకు బోర్డు లేదు. చిరునామా అడిగితే మేస్త్రి "లారీ బాడీలు కట్టే వరుస దాటాక వేపచెట్టు, దాని కింద నేను" అంటాడు. ఆటోనగర్‌లో వేపచెట్లు ఎన్ని ఉన్నాయో, వాటి కింద మేస్త్రులు ఎందరున్నారో ఎరిగినవారికి ఈ చిరునామా ఎంత పనికొస్తుందో తెలుసు. మా పాత మారుతి 800 కాలం నుంచి వెళుతున్నాను కాబట్టి నాకు దారి తప్పదు. పేరు లేని దుకాణానికి సమీక్ష రాయడమేమిటని మా అబ్బాయి నవ్వాడు. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల టీచరుగా పేపర్లు దిద్దినదాన్ని. పేరు రాయకుండా ఇచ్చిన జవాబు పత్రాలకు కూడా మార్కులు వేశాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మేముండేది సింగ్ నగర్ వైపు. తెల్లవారాక పాలు రాలేదు, నీళ్లు వచ్చాయి. బుడమేరు వాగు కట్టకు గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. మా కారు 2021లో కొన్న వ్యాగన్ ఆర్, వెండి రంగుది, అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య నిలబడి ఉంది. పదింటికి చక్రాలు మునిగాయి. మధ్యాహ్నానికి తలుపుల సగం దాకా, సాయంత్రానికి స్టీరింగు అడుగు దాకా వచ్చి నీరు ఆగింది. ఆగడమంటే పెరగడం ఆగింది, అంతే. అది మా వీధి వదిలి వెళ్లడానికి ఆరు రోజులు పట్టింది. మొదటి అంతస్తు వరండాలో నుంచుని, మనం కొన్న వస్తువు మన కళ్ల ముందే నానుతుంటే చూస్తూ ఉండటం ఎలాంటిదో ఆ వారం మా పేటలో అందరికీ తెలిసింది.

సోమవారం ఫోనులో మిగిలిన కొద్ది చార్జింగుతో మేస్త్రికి ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి మాట, "తాళం తిప్పారా అమ్మా?"

లేదన్నాను.

"తిప్పకండి. నీళ్లు తీసేశాక కూడా తిప్పకండి. ఎవరైనా వచ్చి ఒక్కసారి చూద్దామంటే తాళంచెవి దాచేయండి. దారి దొరికిన రోజు బ్యాటరీ వైరు మాత్రం ఊడదీయించండి."

తాళంచెవిని బియ్యం డబ్బాలో పెట్టాను. మా పై అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగికి ఈ సలహా చెప్పేవారు లేకపోయారు, లేదా ఆయన వినలేదు. ఏడో రోజు నీరు తగ్గగానే ఉత్సాహంగా దిగి స్టార్ట్ చేశారు. సిలిండరులోకి చేరిన నీరు గాలిలా నలగదు కదా, పిస్టన్‌ను ఆపేస్తుంది. ఆ దెబ్బకు పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగింది. బీమా కంపెనీ వాళ్లు, ఇది వరద చేసిన నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగింది, ఇంజను రక్షణకు విడిగా కవరు తీసుకోలేదు కాబట్టి ఇవ్వలేం అన్నారు. ఆయన ఇంజను ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. నాకూ ఆ కవరు లేదు. నన్ను కాపాడింది ఒక్క ఫోన్ మాట. ఈ సమీక్షలో మార్కుల్లో సగం దానికే.

బీమా వాళ్ల సహాయ కేంద్రం గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళతాను. ఫోను ఎత్తినమ్మాయి ఏ ఊళ్లో కూర్చుందో తెలియదు. "కారు ఏ నదిలో పడింది మేడమ్?" అంది. పడలేదమ్మా, నదే మా ఇంటికి వచ్చిందన్నాను. కృష్ణా నదా అంది. కాదు, బుడమేరు అన్నాను. మూడుసార్లు అక్షరం అక్షరం చెప్పించుకుని చివరికి 'వాహనం కృష్ణా నదిలో పడింది' అని రాసుకుంది. నష్టం లెక్కగట్టడానికి బీమా వాళ్లు పంపిన సర్వేయరు దాన్ని సరిదిద్దించడానికి రెండు రోజులు తిరిగాడు.

ముందు కంపెనీ సర్వీసు సెంటరుకే అడిగాను, అబద్ధం చెప్పను. అక్కడైతే చేతి నుంచి డబ్బు పెట్టకుండా బీమా వాళ్లే నేరుగా కడతారు. వాళ్లిచ్చిన అంచనా 2,38,000 రూపాయలు. వైరింగు మొత్తం కొత్తది, సీట్లన్నీ కొత్తవి, ఇంజను పూర్తిగా విప్పాలి. కారుకు బీమా పత్రంలో రాసిన విలువ, అంటే ఐడీవీ, 3,90,000. మరమ్మతు ఖర్చు దానిలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కగట్టి ఆ విలువ ఇచ్చేస్తారు. మాది దాటలేదు. అయితే అప్పటికే వాళ్ల ఆవరణలో మునిగిన బండ్లు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. మా వంతు డిసెంబరులో అన్నారు. అప్పటిదాకా తడి సీట్లు తలుపులు మూసుకుని కూర్చుంటే కారులో పుట్టగొడుగులు కోసుకోవచ్చు. అందుకని షెడ్డు.

ఆ వారం నగరంలో కారు లాక్కెళ్లే బండి దొరకడమంటే మూఢం ముందు ముహూర్తాల్లో మేళగాళ్లు దొరకడమే. సింగ్ నగర్ నుంచి ఆటోనగర్‌కు 3,500 తీసుకున్నాడు. మామూలు పాలసీలో దీని కింద ఇచ్చేది 1,500 వరకే.

షెడ్డులోకి చేరాక నాలుగు రోజులు మేస్త్రి కారును ముట్టుకోలేదు. నాకు కోపం వచ్చింది. "సర్వేయరు చూడకుండా ఒక్క నట్టు విప్పినా రేపు మీకు పైసా రాదు టీచరు గారూ" అన్నాడు. తలుపులు మాత్రం తెరిచి పెట్టాడు. సర్వేయరు వచ్చి తలుపు లోపలి వైపు బురద గీత ఎక్కడిదాకా ఉందో ఫొటో తీసుకుని, ఛాసిస్ నంబరు రాసుకుని వెళ్లాక గాని స్పానరు బయటికి రాలేదు. అంతకుముందు వేరేచోట పని మొదలుపెట్టించి, తర్వాత సర్వేయరుతో వాదనలకు దిగినవారిని ఆ షెడ్డు ముందు కుర్చీలోనే ఇద్దరిని చూశాను.

తర్వాత పని చూడాలి. సీట్లు నాలుగూ బయట పెట్టారు, కింద పరచిన కార్పెట్ చుట్టలా లాగారు. దాని కింద రెండు వేళ్ల మందాన ఒండ్రు, అందులో నాలుగు నత్తగుల్లలు. వాటిని మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు కడిగి డాష్‌బోర్డు మీద వరుసగా పెట్టాడు. ఇంజనులో నూనె తీసి ఒక గాజు సీసాలో పోసి చూపించాడు మేస్త్రి. పాలు ఎక్కువైన కాఫీ రంగు. నీళ్లు కలిసినట్టు గుర్తు. స్పార్కు ప్లగ్గులు తీసి, రెంచితో చేత్తోనే ఇంజనును నెమ్మదిగా తిప్పించాడు. కొత్త నూనె పోసి కొద్దిసేపు నడిపి అది పారబోశాడు. మళ్లీ పోసి మళ్లీ పారబోశాడు. మూడోసారి నూనె తేనె రంగులో నిలిచింది. గేరుబాక్సు నూనె కూడా అంతే. స్టార్టరు మోటారు, ఆల్టర్నేటరు ఎదురుగా ఉన్న ఎలక్ట్రీషియనుకు వెళ్లాయి. ఆటోనగర్‌లో ఉన్న సుఖం ఇదే. ఒకరికి రాని పని రోడ్డుకు అవతల ఇంకొకరికి వస్తుంది.

సర్వీసు సెంటరు మొత్తం మార్చాలన్న వైరింగును ఇద్దరు కుర్రాళ్లు మూడు రోజులు కూర్చుని, ఒక్కొక్క కనెక్టరు ఊడదీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తగిలించారు. అంత పొదుపు చేసే మనిషి ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొత్తదే కావాలన్నాడు. అది గేరు లివరు దగ్గర నేల మీదే ఉంటుంది కాబట్టి ఆరు రోజులూ నీళ్లలోనే ఉంది. ఆరబెడితే పనిచేయదా అని నేనే బేరం ఆడాను. "పనిచేయవచ్చు. చేయకపోతే తెలిసేది గుద్దుకున్న రోజున" అన్నాడు. ఎక్కడ డబ్బు మిగల్చాలో, ఎక్కడ మిగల్చకూడదో తెలిసిన మనిషి. సీట్ల స్పంజి ఉతికి వాడుకోవచ్చని కుట్టేవాడు అన్నాడు గాని, ఆ విషయంలో నేను పట్టుబట్టి కొత్తది వేయించుకున్నాను. ఆ నిర్ణయం నాదే, మంచిదే.

ఇప్పుడు తప్పులు. వీటిని దాచితే పేపరు దిద్దినట్టు కాదు.

మొదటిది, ఇరవై రోజులన్న పని నలభై ఒక్క రోజులు పట్టింది. అందులో పది రోజులు సామాను దొరకక, అది ఆయన తప్పు కాదు. మిగతాది చెప్పకపోవడం ఆయన తప్పు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా మేస్త్రి నిద్రపోతాడు, అప్పుడు ఫోను కూడా నిద్రపోతుంది.

రెండోది, మొదటి పది రోజులు వివరాలన్నీ పుణెలో ఉన్న మా అబ్బాయికి వీడియో కాల్‌లో చెప్పేవాడు. కారు నాది, డబ్బు నాది, పక్కన స్టూలు మీద కూర్చున్నది నేను. ఆల్టర్నేటరంటే ఏమిటో మా వాడికి నాకన్నా తక్కువ తెలుసు. ఒక రోజు ఫోను తీసుకుని కట్టేసి, "మేస్త్రీ, లెక్క అడిగేది నేను, నాకే చెప్పండి" అన్నాను. నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత ప్రతి పాత సామాను నా చేతిలో పెట్టి మరీ చూపించాడు. తన దగ్గరికి వచ్చే ఇతర ఆడవాళ్లకు కూడా అలాగే చెబుతున్నాడో లేదో ఎవరైనా వెళ్లినవాళ్లు నాకు చెప్పాలి.

మూడోది పెద్దది. విడి భాగాలకు జీఎస్టీ బిల్లులు అన్నీ పక్కాగా ఇప్పించాడు. కూలి దగ్గర మాత్రం, ఎలక్ట్రీషియనుకూ వైరింగు కుర్రాళ్లకూ ఇచ్చిన 6,500 రూపాయలకు నోటుపుస్తకం కాగితం చింపి రాసిచ్చాడు. సర్వేయరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చేశాడు. షెడ్డులో చేయించుకునేవారు పని మొదలయ్యేముందే ఎవరెవరి దగ్గర ఏ బిల్లు వస్తుందో అడిగి రాసుకోవాలి. నేను అడగలేదు.

ఇక అసలు లెక్క. లోహపు, ఎలక్ట్రికల్ భాగాలకు 44,000. బ్యాటరీ, రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు 17,200. కూలి 24,000. సీట్లు, కార్పెట్ కలిపి 11,200. నూనెలు, ఫిల్టర్ల వంటివి 5,000. మొత్తం 1,01,400, లాక్కొచ్చిన బండితో కలిపి 1,04,900. సర్వీసు సెంటరు చెప్పిన దానిలో సగం కూడా కాదు. బీమా వాళ్లిచ్చింది 68,000. మూడేళ్లు దాటి నాలుగో ఏడు నడుస్తున్న కారు కాబట్టి లోహపు భాగాలకు పాతబడినందుకు 25 శాతం తరుగు కోశారు, సీట్లకూ అదే వర్తించింది. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలకు సగానికి సగం. నూనెలకు పైసా ఇవ్వలేదు. ఆపైన 1500 సీసీ లోపు కార్లన్నిటికీ తప్పనిసరిగా కోసే 1,000. నా చేతి నుంచి పోయింది 36,900.

అందులో తరుగు కింద పోయిందే 22,400. ఆ తరుగు లేకుండా ఇచ్చే పాలసీని ఫిబ్రవరిలో ఏజెంటు చూపిస్తే, 1,850 రూపాయలు ఎక్కువవుతుందని వద్దన్నది సాక్షాత్తూ నేనే. పిల్లలకు చక్రవడ్డీ చెప్పిన నోటితోనే. ఈ మార్కులు మేస్త్రికి కోయడం న్యాయం కాదు గనుక నాకే కోసుకుంటున్నాను. క్లెయిము చేసినందుకు, చేయని మూడేళ్లకు ప్రీమియంలో పేరబెట్టుకున్న 35 శాతం రాయితీ కూడా మరుసటి ఫిబ్రవరిలో సున్నా అయింది. ప్రభుత్వం ఆ వరదలో మునిగిన ఇళ్లకు సాయం చేసింది, ద్విచక్ర వాహనాలకు 3,000 ఇచ్చింది. కారుకు మాత్రం బీమాయే దిక్కు. అందుకే ఈసారి తరుగు లేని పాలసీ, ఇంజను కవరు రెండూ తీసుకున్నాను. ఏజెంటు నోరు తెరవకముందే సంతకం పెట్టేశాను.

షెడ్డు నుంచి బయటికి వచ్చి ఏడాది దాటింది. ఇంజను ఒక్కసారీ మొరాయించలేదు. మధ్యలో రెండుసార్లు అన్నవరం, ఒకసారి తిరుపతి వెళ్లి వచ్చాం. వానాకాలం మొదటి జల్లు పడి ఏసీ వేసిన రోజు మాత్రం ఒండ్రు వాసన సన్నగా వస్తుంది, కిటికీలు దించితే పావుగంటలో పోతుంది. హారను ఒకసారి తనంతట తానే మోగింది, అదీ గుడి ముందు. దానికి మేస్త్రి డబ్బు తీసుకోలేదు.

పదికి ఏడున్నర. కాగితం బిల్లుకు ఒకటి, ఆలస్యానికి ఒకటి, వీడియో కాల్‌కు అర కోశాను. వెనక ఎడమ కిటికీ అద్దం ఇప్పటికీ సగంలో ఆగుతోంది. దాని మోటారు మార్చాలట. మంగళవారం రమ్మన్నాడు, మూడున్నర తర్వాత.