యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పాత ఫొటోలు: అనంతపురంలో ఒక స్టూడియో పనితనం

ఏ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర రాయాలని కూర్చున్నా చివరికి చేతికి దొరికేవి గ్రూప్ ఫొటోలే. స్కోరు పుస్తకాలు చెదలపాలవుతాయి, పేపర్ కటింగులు ముట్టుకుంటే పొడి అవుతాయి. పీడీ సార్ (ఫిజికల్ డైరెక్టర్) గదిలో మేకుకు వేలాడే ఫొటో, దాని కింద అట్టమీద వరుసగా రాసిన పేర్లు, ఇవే మిగులుతాయి. అనంతపురం సప్తగిరి సర్కిల్ వైపు ఇలాంటి ఫొటోలు స్కాన్ చేసి, బాగుచేసి, ఫ్రేము కట్టిచ్చే స్టూడియో ఒకటుంది. పూర్వ విద్యార్థుల కోసం, కాలేజీ గోడల కోసం ఫొటోలు చేయించాలనుకునే వాళ్లకు పనికొస్తుందని దాని మంచిచెడ్డలు రాస్తున్నాం.

స్కానింగులో ఈ స్టూడియోకు వంక పెట్టలేం. పద్దెనిమిది మంది నిలబడిన 6×8 అంగుళాల ప్రింటులో ఒక్కో ముఖం సెంటీమీటరు ఉంటే గొప్ప. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే ఆ ముఖానికి దక్కేది దాదాపు 118 పిక్సెళ్లు, 600లో 236. వీళ్లు అడగకుండానే 600 పెడతారు, 12×16 ప్రింటు వేసుకోవడానికి అది సరిగ్గా సరిపోతుంది. నలుపు తెలుపు ఫొటోనైనా కలర్‌లోనే స్కాన్ చేస్తారు. చాలామంది దీన్ని దండగ అనుకుంటారు గానీ అసలు కిటుకు అక్కడే ఉంది. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి, వాటినే ఛానెళ్లంటారు. పసుపు మరకలు నీలం ఛానెల్‌లో ముదురుగా కనబడతాయి, ఎరుపు ఛానెల్‌లో దాదాపు కనబడవు. ఎరుపు ఛానెల్ ఒక్కటే తీసుకుంటే బ్రష్ ముట్టకుండానే సగం మరక పోతుంది. మొదటి నుంచీ గ్రేస్కేల్‌లో, అంటే రంగుల్లేకుండా, స్కాన్ చేసిన ఫొటోకు ఈ దారి మూసుకుపోతుంది.

అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలను కూడా ధైర్యంగా వీళ్ల చేతిలో పెట్టొచ్చు. వానకు గోడ చెమ్మగిలితే ప్రింటు మీది జిలాటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. బ్లేడుతో లేపితే ముఖాలు అద్దంతోనే ఊడొస్తాయి. ఇక్కడ అద్దంతో సహా స్కానర్ మీద పెడతారు. ఆఫీసుల్లో ఉండే పల్చటి సీఐఎస్ స్కానర్లకు ఇది కుదరదు, కాగితం గాజుకు ఆనకపోతే వాటిలో బొమ్మ మసకబారుతుంది. వీళ్ల దగ్గరున్నది సీసీడీ రకం, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తును తట్టుకుంటుంది.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటుకు వద్దాం. స్టూడియోలో పనిచేసే కుర్రాళ్లకు ఫొటో అంటే మనుషులున్నంత మేరే. కింద అట్టమీద “స్టాండింగ్, లెఫ్ట్ టు రైట్” అని మొదలయ్యే పేర్ల వరుసను క్రాప్ చేసేస్తారు. పేర్లు పోయిన ఫొటోతో చరిత్ర రాయలేం. అట్ట నాలుగంచులూ, వెనకవైపున్న స్టూడియో ముద్రా స్కాన్‌లో రావాలని ముందే రాసివ్వండి.

ఆ అట్టమీది రాతలు ఎంత చెబుతాయో ఒక ఉదాహరణ చూడండి. ఇప్పటి జేఎన్‌టీయూ అనంతపురం కాలేజీ 1946లో మద్రాసు గిండీలో పుట్టి, 1948లో అనంతపురం వచ్చింది. అప్పట్లో మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) వచ్చాక దాని కిందికి, 1972లో జేఎన్‌టీయూ కిందికి మారింది. 2008లో జేఎన్‌టీయూ అనంతపురమే సొంతంగా యూనివర్సిటీ అయింది. ఒకే కాలేజీ ఆటగాళ్లు ఒక్కో కాలంలో ఒక్కో యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యేవాళ్లన్నమాట. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) కూడా ముందు ఎస్వీయూ పీజీ సెంటరే, 1981లో యూనివర్సిటీ అయింది. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ వచ్చింది 2008లో, అంతకుముందు అక్కడి కుర్రాళ్లది ఎస్కేయూ జట్టే. కడప వాళ్లకు యోగి వేమన యూనివర్సిటీ 2006లో వచ్చింది. అందుకే జెర్సీ మీద పేరు చదవగలిగేలా స్కాన్ ఉంటే ఫొటో ఏ కాలానిదో సగం తేలిపోతుంది. అట్టమీద “ఇంటర్ యూనివర్సిటీ బోర్డు” అని ఉంటే 1973కు ముందుదై ఉండొచ్చు, అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ అనే పేరు ఆ ఏడాదే వచ్చింది.

కెప్టెన్ ఒళ్లో బంతిని కూడా వదలొద్దు. తాడుతో కుట్టిన నోరు కనబడితే పాతకాలపు తోలు బంతి. ఐదు మూలల నల్ల ముక్కలు, ఆరు మూలల తెల్ల ముక్కలు కలిపి 32 ఉంటే, 1970 ప్రపంచకప్ బంతి టెల్‌స్టార్‌తో బాగా పేరొచ్చిన రకం. మన మైదానాల్లో అది ఇప్పటికీ కనబడుతుంది కాబట్టి ఆ ఒక్క గుర్తుతో ఏడాది తేల్చేయకూడదు. చాలా ఫొటోల్లో బంతి మీదే సుద్దతో ఏడాది రాసి ఉంటుంది. మసకబారిన ఆ అంకెను ఈ స్టూడియో ఆపరేటర్ కాంట్రాస్ట్ పెంచి బయటికి తీసే తీరు మెచ్చుకోదగ్గది. వీళ్ల పనిలో మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నచ్చనిది ఏఐతో ముఖాలు దిద్దడం. మసక ముఖం మీద ఆ బటన్ నొక్కితే లేని పళ్లు, లేని కనురెప్పలు మొలుస్తాయి. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికీ ఒకే ముక్కు వస్తుంది. పిల్లలు తాతను గుర్తుపట్టాల్సిన ఫొటోలో అది తప్పుడు సాక్ష్యం. గీతలు, మడతలు, బూజు మచ్చల వరకే చాలని చెబితే వింటారు, చెప్పకపోతే మాత్రం చేసేస్తారు. నలుపు తెలుపు ఫొటోకు రంగులేయడమూ అంతే. ముదురు బూడిద రంగులో కనబడే జెర్సీ మెరూన్ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. పాత జెర్సీ ఒకటి చేతికి దొరికితే తప్ప రంగు జోలికి పోవద్దు.

ఎర్రబారిన పాత కలర్ ప్రింట్లను బాగానే సరిచేస్తారు. మైదానంలో సున్నం గీతలు, తెల్ల మేజోళ్లు చూపించి వాటిని తెలుపుగా పెట్టుకోమనండి. చొక్కాలను నమ్ముకుంటే రంగు పక్కదారి పడుతుంది.

పేర్ల టైపింగ్ వీళ్ల బలహీనత. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫైలు మన కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలే. ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో కూడా ఒక కాపీ అడిగి తీసుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరాల్లో బి కాస్తా వి కావడం మామూలే. ప్రూఫు తెరమీద కాకుండా కాగితం మీద తీయించి, పాత అట్ట పక్కన పెట్టుకుని వేలు పెట్టి చదవండి. మోకాళ్ల మీద కూర్చున్న వరుసలో గోల్‌కీపర్ చొక్కా రంగు వేరుగా ఉంటుంది, అక్కడి నుంచి అటూ ఇటూ లెక్కపెడితే వరుస తప్పిందో లేదో వెంటనే తెలుస్తుంది.

ఫ్రేముల దగ్గర రేటు కాస్త ఎక్కువే అయినా సరుకు మంచిది. ప్రింటుకు, అద్దానికి మధ్య మౌంట్ బోర్డు (దళసరి అట్ట చట్రం) పెడతారు, మళ్లీ అతుక్కునే బాధ ఉండదు. వెనక ప్లైవుడ్ వేస్తామంటే వద్దనండి, సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ పలక) వేయించుకోండి. ఈ ప్రాంతంలో వానకన్నా చెదలే పెద్ద శత్రువు. ట్యూబులైటు కింద తగిలించేదైతే మ్యాట్ పేపరే మేలు, గ్లాసీ మీద లైటు తప్ప ముఖాలు కనబడవు. ఫంక్షన్ రోజుకు చవగ్గా ఉంటుందని అందరి ఫొటోలూ ఒకే ఫ్లెక్స్ మీద వేయించుకునే వాళ్లున్నారు. దూరం నుంచి పరవాలేదు, దగ్గరికెళ్తే ముఖాలన్నీ చుక్కలే.

స్కాన్‌కు, దిద్దుబాటుకు, ఫ్రేముకు విడివిడిగా బిల్లు వేస్తారు కాబట్టి మూడూ అక్కడే చేయించాల్సిన పనిలేదు. స్కాన్, ఫ్రేము వీళ్ల దగ్గర చేయించి, పేర్లు ఇంట్లో టైపు చేసి ఇవ్వడం మంచిది. ఫైళ్లు నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, వాట్సాప్‌లో పంపుతామంటే ఒప్పుకోవద్దు. జనవరి, ఫిబ్రవరిలో కాలేజీ డేల రద్దీ ఎక్కువ, ఆ రోజుల్లో పని తొందర తొందరగా చుట్టేస్తారు. సెలవుల్లో ఇస్తే అదే ఆపరేటర్ ఒక్కో ముఖం దగ్గరా ఆగి పనిచేస్తాడు.