మెసేజా, వాయిస్ కాలా, వీడియో కాలా: ఏది మేలు?

యాప్‌ల గురించి మాట వచ్చినప్పుడల్లా నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒకప్పుడు దీనికి జవాబు అక్కర్లేదు, ఎందుకంటే ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రామ్ ఉండేది. 2009లో వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లతో మొదలై, 2015లో వాయిస్ కాల్‌నూ 2016లో వీడియో కాల్‌నూ చేర్చుకుంది. ఇప్పుడు దాదాపు ప్రతి మెసేజింగ్ యాప్‌లోనూ మూడూ పక్కపక్కనే ఉంటున్నాయి. అందువల్ల ఏ యాప్ అన్నదానికంటే, ఈ మాట చెప్పడానికి ఏ మీట నొక్కాలి అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

డేటా ఖర్చు, సౌకర్యం, గోప్యత అన్నీ చూడవలసినవే. కానీ నా దృష్టిలో అసలు విషయం తేల్చేది ఒక్కటే. మనం ఏ భావంతో అన్నామో అదే భావంతో అది అవతలివారికి అందుతోందా? ఈ కొలతతో చూస్తే నా ఓటు వాయిస్ కాల్‌కే.

ముందు మెసేజ్ సంగతి. చిరునామా, ఖాతా సంఖ్య, రైలు సమయం, మందు పేరు వంటివాటికి దాన్ని మించినది లేదు. తప్పు వినబడే ప్రమాదం ఉండదు, తర్వాత వెతికితే దొరుకుతుంది, అవతలివారు తీరిక చూసుకుని జవాబిస్తారు. చిక్కంతా మనసుకు సంబంధించిన మాటలతోనే. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కొన్ని వాక్యాలను కొందరు ఈమెయిల్‌లో రాసి పంపారు, కొందరు గొంతుతో పలికి వినిపించారు. అది వ్యంగ్యమో, నిజంగా అన్నదో అందుకున్నవారు గుర్తించాలి. ఎలా పంపినా సరిగ్గానే చేరుతుందని పంపినవారు నమ్మారు. విన్నవారు చాలావరకు పట్టుకున్నారు. చదివినవారి జవాబులు మాత్రం గుడ్డిగా ఊహించినదానికంటే కొంచెమే మెరుగ్గా ఉన్నాయి. రాసేటప్పుడు మన గొంతు మన తలలో పలుకుతూ ఉంటుంది కాబట్టి వాక్యంలో ఆ భావం ఉన్నట్టే మనకు అనిపిస్తుంది. చదివేవారికి ఆ గొంతు వినబడదు. ‘తర్వాత మాట్లాడదాం’ అని ఒక మెసేజ్ వస్తే అది కోపమో, అలసటో, పని ఒత్తిడో తెలియక గంటల తరబడి మథనపడేవారు ఎంతమంది లేరు! పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టినంత మాత్రాన ఆ సందేహం తీరదు.

వాయిస్ కాల్‌లో ఆ మథనం ఉండదు. ఊపిరి తీసుకోవడం, తడబాటు, ఒక్క క్షణం మౌనం, అన్నీ మాటతోపాటే వస్తాయి. ముఖం కూడా కనిపిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది కదా అని ఎవరైనా అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అయితే అప్పట్లో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న పరిశోధకుడు మైఖేల్ క్రాస్ 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ముఖం చూస్తూ విన్నవారికంటే కేవలం గొంతు విన్నవారే ఎదుటివారి భావాలను ఎక్కువ ఖచ్చితంగా గుర్తించారు. ముఖాన్ని మనం చాలావరకు సర్దుకోగలం. గొంతును దాచడం అంత సులువు కాదు. పైగా చూడవలసింది ఏమీ లేనప్పుడు ధ్యాస అంతా వినడం మీదే నిలుస్తుంది.

2021లో పరిశోధకులు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ ప్రచురించిన అధ్యయనం కూడా ఈ వైపే మొగ్గుతుంది. పాత స్నేహితుణ్ణి మళ్లీ పలకరించడానికి ఫోను చేస్తే ఇబ్బందిగా ఉంటుందని, ఈమెయిల్ అయితే నయమని చాలామంది ముందుగా అనుకున్నారు. తీరా ఫోనులో మాట్లాడినవారికి ఇబ్బంది ఎక్కువేమీ కాలేదు, దగ్గరితనం మాత్రం ఎక్కువగా అనిపించింది. కొత్తవారితో మాట్లాడించి చూసినప్పుడు, గొంతు తెచ్చిన దగ్గరితనానికి వీడియో చెప్పుకోదగ్గంతగా ఏమీ కలపలేదు. కాల్ చేయడానికి వెనకాడేవారికి నేను మొదట చెప్పేది ఈ సంగతే.

వీడియోకు మరో బరువు కూడా ఉంది. కెమెరా తెర పైన ఉంటుంది, ఎదుటివారి కళ్లు తెర మధ్యలో ఉంటాయి. వారి కళ్లలోకి చూస్తే వారికి మనం కిందికి చూస్తున్నట్టు కనిపిస్తాం. కెమెరాను చూస్తే వారి ముఖం మనకు తప్పిపోతుంది. ఒకరి చూపు ఒకరితో నిజంగా కలవదు. మూలన మన ముఖం మనకే కనబడుతూ ఉంటుంది. వీడియో సమావేశాలు ఎందుకు అలసట కలిగిస్తాయో వివరిస్తూ స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ 2021లో చూపిన కారణాల్లో ఇదొకటి. కదలకుండా చట్రంలోనే కూర్చోవలసి రావడం ఇంకొకటి. వాయిస్ కాల్‌లో నడుస్తూ మాట్లాడవచ్చు, కళ్లు మూసుకుని వినవచ్చు.

నెట్ బలహీనంగా ఉంటే తేడా ఇంకా బయటపడుతుంది. గొంతును కుదించి పంపడానికి ఇంటర్నెట్ కాల్స్‌లో విరివిగా వాడే ఓపస్ కోడెక్ అనే పద్ధతి 2012లో ప్రమాణంగా వచ్చింది. సెకనుకు 30 కిలోబిట్లు ఉంటే చాలు, దానితో మాట స్పష్టంగా వినబడుతుంది. ఆ లెక్కన గంట కాల్‌కు ఒక్కో వైపు 13 మెగాబైట్ల చిల్లర. సెకనుకు ఒక మెగాబిట్ తీసుకునే వీడియోకైతే గంటకు 450. దారిలో మాట ముక్క ఒకటి పోతే సాధారణంగా అది సెకనులో యాభయ్యో వంతు మాత్రమే, ఆ ఖాళీని ప్రోగ్రామ్ అంచనాతో పూరిస్తుంది. వీడియోలో దాదాపు ప్రతి చిత్రమూ దాని ముందు చిత్రం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఒక ముక్క పోతే ఆ చెదురు కొంతసేపు సాగుతుంది. ముఖాముఖి మాటల్లో ఒకరు ఆపి మరొకరు అందుకోవడానికి మధ్య వ్యవధి సగటున సెకనులో ఐదో వంతే. 2009లో పది భాషల సంభాషణలను పరిశీలించి తేల్చిన విషయమిది. నెట్ తడబడి ఆ లయ తప్పితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. చిత్రం ఆగినట్టు అనిపించగానే కెమెరా ఆపేయండి, మాటైనా నిలుస్తుంది.

వీడియో వద్దనడం లేదు. సంజ్ఞా భాషలో మాట్లాడేవారికి, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేవారికి అదే దారి. ఇంకా మాటలు రాని పసిబిడ్డకు ముఖం కనబడాలి. ఒంటి మీద దద్దురు డాక్టరుకు చూపాలన్నా, పాడైన యంత్రంలో ఏ తీగ ఎక్కడుందో అడగాలన్నా మాటలు చాలవు. చూపించవలసినది ఉంటే వీడియో, లేకపోతే వాయిస్. నేను పాటించే లెక్క ఇదే.

వాయిస్ మెసేజ్‌ల గురించి కూడా అడుగుతారు. చేతులు ఖాళీ లేనప్పుడు పనికొస్తాయి. మధ్యలో ఆపి ప్రశ్న అడగడానికి వీలుండదు, తర్వాత వెతుక్కోవడం కష్టం.

గోప్యత విషయంలో ఒక్క జాగ్రత్త. వాట్సాప్, సిగ్నల్ యాప్‌లలో వ్యక్తిగత మెసేజ్‌లకూ కాల్స్‌కూ పంపినవారు, అందుకున్నవారు తప్ప మరొకరు చదవలేని గుప్తీకరణ దానంతటదే ఉంటుంది. టెలిగ్రామ్‌లో ఇద్దరి మధ్య కాల్స్‌కు ఆ రక్షణ ఉంది కానీ మామూలు చాట్‌లకు లేదు. దానికి సీక్రెట్ చాట్ విడిగా తెరవాలి. ఎక్కడైనా సరే, తుడిచేస్తేనో, దానంతటదే మాయమయ్యేలా పెడితేనో తప్ప మెసేజ్ రెండు ఫోన్లలోనూ మిగిలిపోతుంది. కాల్‌లో అన్న మాట ఎవరైనా రికార్డు చేస్తే తప్ప మిగలదు.

చెప్పాపెట్టకుండా కాల్ చేస్తే విసుక్కుంటారన్న ఫిర్యాదు న్యాయమైనదే. ‘ఇప్పుడు పది నిమిషాలు మాట్లాడవచ్చా?’ అని ముందు ఒక మెసేజ్ పెట్టండి. మాట్లాడాక తేల్చుకున్న తేదీలు, అంకెలు మళ్లీ రాసి పంపండి. ఇక నత్తి వల్లనో, బెరుకు వల్లనో గొంతు విప్పడమే కష్టమైనవారు ఉంటారు. వారు మెసేజ్‌లోనే మాట్లాడతామంటే వారిని కాల్‌కు బలవంతపెట్టకండి. రాసిన మాటలో భావం అర్థం కాకపోతే, ఏ ఉద్దేశంతో అన్నారో అక్కడే రాసి అడగండి.