బాబాయి క్యాసెట్టు, గంగ అవతలి ఒడ్డు

మా బాబాయి ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసేవాడు. 1979లో సింగపూర్ మీదుగా వైజాగ్ వచ్చినప్పుడు ఇంగ్లండ్ పాటల బృందం బీటిల్స్ హిట్ పాటల క్యాసెట్లు రెండు పట్టుకొచ్చాడు. ఒకదాని అట్ట ఎరుపు, రెండోదానిది నీలం. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే వయసు. నా కోసమని ఒక రూళ్ళ కాగితం మీద పాటల పేర్లన్నీ తెలుగులో రాసి నీలం పెట్టెలో మడిచి పెట్టాడు. ‘లేడీ మడోన్నా’, ‘ఓబ్లాడీ ఓబ్లాడా’, ‘బ్యాక్ ఇన్ ది యూఎస్ఎస్ఆర్’. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మడతల దగ్గర చిరిగితే వెనకాల టేపు అంటించాను.

మొన్న ఫిబ్రవరిలో ఆ కాగితం జేబులో పెట్టుకుని, డెబ్భై ఆరేళ్ళ బాబాయిని వెంటబెట్టుకుని రిషికేశ్ వెళ్ళాను. 1968లో బీటిల్స్ ధ్యానం కోసం వచ్చి ఉన్న ఊరది. నాలుగు రోజులున్నాం. ఆ పాటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎక్కడ దిగాలో, ఏది చూడాలో, దేనికి డబ్బు దండగో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ విమానం, అక్కణ్ణుంచి హరిద్వార్‌కి రైలు, ఆ తర్వాత టాక్సీ. డెహ్రాడూన్ జాలీగ్రాంట్ దాకా విమానంలో రావచ్చు గానీ పెద్దవాళ్ళతో వెళ్తే రైలే హాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, శని ఆదివారాల్లో హరిద్వార్–రిషికేశ్ రోడ్డు ఎక్కొద్దు. మేం శనివారం దిగాం. గంటలోపు పోవాల్సిన దారికి రెండున్నర గంటలు పట్టింది. టాక్సీ అతను మాట్లాడుకున్న డబ్బు కంటే మూడొందలు ఎక్కువ అడిగాడు, ఇచ్చేశాం.

మొదటి రాత్రి బస దెబ్బతింది. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి రిషికేశ్ పక్కనే తపోవన్‌ అనే పేటలో గంగ కనిపించే గది అని బుక్ చేశాను. కిటికీలోంచి గంగ కనిపించిన మాట నిజమే. కానీ కింద కేఫ్‌లో పదకొండున్నర దాకా స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. బాబాయికి నిద్ర లేదు. పొద్దున్నే అడిగితే మేనేజరు ఇక్కడింతే సార్ అన్నాడు. రెండో రాత్రికి కట్టిన డబ్బు వదులుకుని ఖాళీ చేశాం. పడుచువాళ్ళకు ఆ వీధి నచ్చుతుందేమో, నేను మాత్రం పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి వద్దంటాను.

తర్వాత గంగ దాటి స్వర్గాశ్రమం వైపు ఒక ఆశ్రమం గెస్ట్‌హౌస్‌లో దిగాం. రెండు మంచాలు, గీజరు, ఉతికిన దుప్పట్లు, అంతే. రాత్రి పదింటికి గేటు మూసేస్తారు. పొద్దున్నే గంట కొడతారు. అద్దె తపోవన్ గదిలో సగం కూడా లేదు. అసలు లాభం ఇంకోటుంది, మేం చూడాల్సిన చోటు అక్కణ్ణుంచి నడక దూరం. సామాను మాత్రం తక్కువగా తెచ్చుకోండి. గంగ మీది వేలాడే వంతెన రామ్ ఝూలా మీద ఆటోలు పోవు. మా పెట్టెలు ఒక కుర్రాడు తోపుడుబండి మీద తెచ్చాడు. పట్టణంలో టీటీడీ వాళ్ళ ఆంధ్రాశ్రమం ఉంది. మనవాళ్ళు చాలామంది అక్కడే దిగుతారు. వేంకటేశ్వరస్వామి దర్శనానికి మేమూ వెళ్ళాం. యాత్రకి వచ్చేవాళ్ళకి అదే నయం. మా పని అవతలి ఒడ్డున కాబట్టి మేం ఇటే ఉండిపోయాం.

ఇక చౌరాసీ కుటియా. బీటిల్స్ ఉన్నది ఇక్కడే. ధ్యానం నేర్పే గురువు మహర్షి మహేశ్ యోగి 1961లో అటవీ భూమి లీజుకు తీసుకుని కట్టిన ఆశ్రమం ఇది. 1981లో లీజు ముగిసింది. తర్వాత ఏళ్ళ తరబడి అడవి కమ్మేసింది. 2015 డిసెంబరులో అటవీశాఖ టికెట్ పెట్టి తెరిచింది. రాజాజీ పులుల అభయారణ్యంలో భాగం కాబట్టి సాయంత్రానికల్లా బయటికి పంపేస్తారు. గేటు తెరిచేసరికే వెళ్ళి నిలబడండి. తొలి గంట మాకూ కొండముచ్చులకూ తప్ప అక్కడ ఎవరూ లేరు. పదకొండు దాటాక గుంపులు దిగాయి.

లోపలికి వెళ్ళగానే నది గులకరాళ్ళు తాపడం చేసిన గుండ్రటి కుటీరాలు వరసగా కనిపిస్తాయి. అందరూ అక్కడ ఆగి ఫొటోలు దిగుతారు, బీటిల్స్ ఇందులోనే ధ్యానం చేశారని పిల్లలకు చెప్తుంటారు. ఆ కుటీరాలు వాళ్ళు వెళ్ళిపోయాక కట్టినవి. వాళ్ళున్నది పొడుగాటి పెంకుటింటి వరసల్లాంటి మామూలు గదుల్లో. అవి ఇప్పుడు తలుపుల్లేకుండా, నేల పగిలి ఉన్నాయి. సత్సంగ్ హాలు గోడల నిండా ఈమధ్య వేసిన బొమ్మలున్నాయి. వాటి మీద జనం తమ పేర్లు గీకారు, చూస్తే కడుపు మండింది. హాలు కంటే నాకు ఫొటో గ్యాలరీ నచ్చింది. 1968లో ఇక్కడికొచ్చిన కెనడా కుర్రాడు పాల్ సాల్ట్‌జ్‌మన్ తీసిన బొమ్మలవి. కుర్తాలు, చెప్పులు, మెట్ల మీద గిటార్లు. బాబాయి ఒక్కో ఫొటో ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ గదిలోనే గంట గడిచింది.

బీటిల్స్ నలుగురూ, అంటే జాన్, పాల్, జార్జ్, రింగో, వచ్చింది 1968 ఫిబ్రవరి మధ్యలో. రింగో పది రోజుల్లోనే వెళ్ళిపోయాడు. చిన్నప్పటి నుంచీ కడుపు జబ్బు మనిషి, ఇక్కడి తిండి పడక సూట్‌కేసులో బీన్స్ డబ్బాలు తెచ్చుకున్నాడు. పాల్ మార్చి చివరి దాకా ఉన్నాడు. జాన్, జార్జ్ ఏప్రిల్‌లో వెళ్ళారు. జార్జ్‌కి పాతికేళ్ళు నిండింది ఫిబ్రవరి 25న, ఇక్కడే. మేం లోపలికి వెళ్ళిందీ ఆ తేదీనే, కావాలనే పెట్టుకున్నాం. అప్పటికి రామ్ ఝూలా లేదు, దాన్ని 1986లో కట్టారు. వంతెన మీద గంగ దాటాలంటే పైన లక్ష్మణ్ ఝూలాకి పోవాల్సిందే.

వాళ్ళిక్కడ ఉండగానే మార్చి 15న ‘లేడీ మడోన్నా’ లండన్‌లో విడుదలైంది. ఆ రికార్డు రెండో వైపున్న జార్జ్ పాట ‘ది ఇన్నర్ లైట్’కి వాద్యాలు వాయించింది మన బొంబాయి స్టూడియోలో, మనవాళ్ళే. ఇది బాబాయికి తెలీదు. చెప్తే, "ఒరేయ్, నలభై ఏళ్ళు విన్నాను, నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన తెల్లట్ట డబుల్ ఆల్బంలో ముప్పై పాటలుంటే, వాటిలో చాలావాటికి బీజం పడింది ఈ కొండ మీదే. రికార్డింగ్ లేదు, విలేఖరుల్ని గేటు బయటే ఆపేవారు. ఆ పాటల్లో అంత తేలికదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఆ పొద్దున తెలిసింది. అక్కడ ఆకు రాలినా వినబడుతుంది.

గంగ వైపు కొండ అంచున మహర్షి ఉన్న బంగళా ఉంది. ఆ వరండా అరుగు మీద కూర్చున్నాం. ఫోన్‌లో ‘డియర్ ప్రూడెన్స్’ పెట్టి ఇయర్‌ఫోన్ ఒకటి బాబాయి చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకున్నాం. ధ్యానంలో పడి రోజుల తరబడి గది దాటని ప్రూడెన్స్ ఫారో అనే అమ్మాయి గురించి జాన్ కట్టిన పాట అది. ఇక్కడే తోటి గాయకుడు డోనోవన్ దగ్గర జాన్ నేర్చుకున్న, గిటారు తీగల్ని వేళ్ళతో విడివిడిగా మీటే పద్ధతి అందులో మొదటి నుంచీ వినిపిస్తుంది. నీలం క్యాసెట్లో ఈ పాట లేదు. బాబాయి ఇన్నేళ్ళలో వినలేదు. అయిపోగానే మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి పెట్టేటప్పటికి కళ్ళు మూసుకుని మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాడు.

గేటు నుంచి పైకి ఎక్కుడు ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిదానంగా ఎక్కాలి. మంచినీళ్ళు తీసుకెళ్ళండి. భోజనం స్వర్గాశ్రమంలో చోటీవాలాలో చేశాం. 1958 నుంచి ఉన్న హోటలు, రోటీ పప్పు బాగున్నాయి, బాబాయికి అన్నం మాత్రం చాల్లేదు. బీటిల్స్ పేరు పెట్టుకున్న కేఫులు ఊళ్ళో బోలెడు. రెండింట్లో కూర్చున్నాం. ఒకదాంట్లో కూడా వాళ్ళ పాట మోగలేదు, కాఫీ మాత్రం ఖరీదు. సాయంత్రం పరమార్థ నికేతన్ దగ్గర హారతి తప్పకుండా చూడండి, అరగంట ముందెళితే మెట్ల మీద చోటు దొరుకుతుంది.

మర్నాడు మళ్ళీ టికెట్ కొనుక్కుని వెళ్ళాం. అదే అరుగు. బాబాయి నా జేబులోంచి ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు సవరించుకుని, మోకాలి మీద పరుచుకుని, జాబితా చివర కొంచెం చోటుంటే అక్కడ వణికే చేత్తో ‘డియర్ ప్రూడెన్స్’ అని తెలుగులో రాశాడు.