అదనుకు వచ్చే ట్రాక్టర్: మా మండలంలోని యంత్రాల కిరాయి కేంద్రం

పరకాల దగ్గర మా మండలంలో దళిత మహిళా రైతుల సంఘం నడుపుతున్న యంత్రాల కిరాయి కేంద్రాన్ని నేను రెండు వానాకాలాలు, ఒక యాసంగి వాడుకున్నాను. ఒక ట్రాక్టర్, దానికి కల్టివేటర్, రోటవేటర్, నాలుగు బ్యాటరీ స్ప్రేయర్లు, పది టార్పాలిన్లు, ఇంతే వాళ్ల సరంజామా. రోటవేటర్‌కు గంటకు 1,200 రూపాయలు తీసుకుంటారు. ఊళ్లోని తక్కిన ట్రాక్టర్ల కిరాయి కూడా దాదాపు అంతే కాబట్టి, డబ్బు కలిసొస్తుందని ఎవరూ ఇక్కడికి రానక్కర్లేదు. నేను వెళ్లేది వరుస కోసం.

గది బయటి గోడకు ఒక నల్లబల్ల ఉంది. రైతు పేరు, ఎకరాలు, చేను ఉన్న దిక్కు, రాయించుకున్న రోజు దానిపై సుద్దతో రాస్తారు, ఆ వరుసలోనే బండి కదులుతుంది. మొన్నటి మృగశిర కార్తెలో నా పేరు ఏడోది. పదిహేనెకరాల ఆసామి ఒకరు పదకొండో పేరు రాయించుకొని, ముందు తన చేను దున్నితే గంటకు 300 రూపాయలు ఎక్కువిస్తానన్నారు. సంఘం అధ్యక్షురాలు బల్ల వైపు చేయి చూపి, "మీది పదకొండు పటేలా, రేపు పొద్దుగూకక ముందే వస్తది" అన్నారు. నా రెండెకరాల దుక్కి పూర్తయ్యేసరికి నేలలో ఇంకా పదును ఉంది. గుప్పిట పట్టిన మన్ను ముద్ద కట్టి, వేలు తగలగానే విడిపోయింది.

అంతకు ముందటేడు ఒక ట్రాక్టర్ యజమాని మా వాడ రైతులందరినీ "రేపు, రేపు" అంటూ అయిదు రోజులు తిప్పుకున్నారు. రానని ఒక్కసారీ అనలేదు, పెద్ద కమతాలన్నీ దున్నాక మా వైపు వచ్చారు. అప్పటికి పదును ఆరిపోయి, పత్తి సగం కుదుళ్లలో మొలవక, ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున విత్తనం మళ్లీ కొన్నాను. ఫిర్యాదు చేద్దామంటే కాగితం మీద రాయడానికి ఏమీ లేదు.

అమెరికాలో నల్లజాతి రైతులకు ఇదే దెబ్బ సర్కారు అప్పుల రూపంలో తగిలింది. నార్త్ కరోలినా రైతు తిమోతీ పిగ్‌ఫర్డ్, ఆయనతో పాటు మరికొందరు 1997లో ఆ దేశ వ్యవసాయ శాఖపై దావా వేశారు. 1999లో రాజీ ఒప్పందాన్ని ఆమోదిస్తూ న్యాయమూర్తి పాల్ ఫ్రీడ్‌మన్, ఆగ్నేయ రాష్ట్రాలు కొన్నింటిలో నల్లజాతి రైతు దరఖాస్తు తేలడానికి తెల్లజాతి రైతు దరఖాస్తు కంటే సగటున మూడు రెట్ల కాలం పట్టిందని రాశారు. విత్తే నెల దాటాక చేతికొచ్చిన అప్పుతో ఏ రైతు మాత్రం ఏం పండిస్తాడు? 1920లో 9 లక్షలకు పైగా ఉన్న నల్లజాతి రైతులు 1992 నాటికి 20 వేల లోపుకు తగ్గిపోయిన కారణాల్లో ఈ ఆలస్యమూ ఒకటి. ఒప్పందం కింద 100 కోట్ల డాలర్లు దాటి పరిహారం అందినా, ఆలోగా చేజారిన భూములు మళ్లీ రాలేదు. మిసిసిపీలో పత్తి ఏరి బతికిన ఫ్యానీ లూ హేమర్ 1969లో ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార సంఘం పెట్టి, పేద కుటుంబాలకు ఉమ్మడి భూమిని, పెంచుకోవడానికి పందులను సమకూర్చారు. పత్తి నేలలో పుట్టిన ఆ సంఘానికి, మా నల్లబల్లకు నాకైతే చుట్టరికం కనిపిస్తుంది.

లోపాలు ఉన్నాయి. డ్రైవర్ ఒక్కరే కావడంతో ఆయనకు జ్వరం వస్తే రెండు రోజులు బండి కదల్లేదు. స్ప్రేయర్లలో రెండింటి బ్యాటరీ మూడో ట్యాంకుకే దిగిపోతోంది, తీసుకునే ముందు చూసుకోవాలి.

పేరు రాయించుకోవడానికి పట్టా పాసుపుస్తకం అడగరు, ఆధార్, ఫోన్ నంబరు చాలు. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే దక్కింది, కౌలుకు దున్నేవారికి అందలేదు. అలాంటి మా ప్రాంతంలో ఇది చిన్న సౌకర్యం కాదు.

రెండో ట్రాక్టర్ కొనడానికి సంఘం సంక్రాంతికి ఒక బ్యాంకులో దరఖాస్తు పెట్టింది. దసరా దాటినా ఔననీ కాదనీ జవాబు లేదు. దరఖాస్తు ఇచ్చిన తేదీని వాళ్లు నల్లబల్ల పైమూలన రాసుకున్నారు, రోజూ బల్ల తుడిచినా ఆ ఒక్క వరుసను మాత్రం తుడవడం లేదు.