ఆరేళ్లలో ఐదు అడ్మిషన్లు: హాస్పిటలిస్టులతో మా అనుభవం

మా అమ్మకు హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, అంటే గుండె సరిగా పంప్ చేయక ఒంట్లో నీరు చేరుతుంది. న్యూజెర్సీలో మా దగ్గరే ఉంటుంది. ఆరేళ్లలో ఐదుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ప్రతిసారీ చూసింది హాస్పిటలిస్టులే. వీళ్లకు బయట క్లినిక్ ఉండదు, ఆసుపత్రిలో చేరినవాళ్లను చూడటమే పని.

మొదటిసారి ఈ సంగతి తెలియక, మా ఫ్యామిలీ డాక్టరు ఎప్పుడొస్తారని నర్సును అడిగాను. "ఆయన ఇక్కడికి రారు" అంది. నాకు టెన్షన్ మొదలైంది. విజయవాడలో నాన్నను చేర్చినప్పుడు ఓపీలో చూసిన పెద్ద డాక్టరే పొద్దున రౌండ్స్‌కి వచ్చేవారు. అమెరికాలో కూడా ఒకప్పుడు ఫ్యామిలీ డాక్టర్లే క్లినిక్ తెరవకముందు ఆసుపత్రికి వచ్చి తమ పేషెంట్లను చూసుకునేవారు. 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంతో హాస్పిటలిస్ట్ అనే పేరు వాడుకలోకి వచ్చింది.

పనితనానికి వంక పెట్టలేను. రెండో అడ్మిషన్‌లో మధ్యాహ్నం అమ్మ బీపీ ఒక్కసారిగా పడిపోతే, డాక్టరు పది నిమిషాల్లో మంచం పక్కన ఉన్నాడు. క్లినిక్‌లో ఇరవైమంది కూర్చుని ఉన్న ఫ్యామిలీ డాక్టరు అలా రాగలడా? పొద్దున్నే బరువు చూడటం, పొటాషియం చూడటం, దాన్నిబట్టి నీరు లాగే ఇంజెక్షన్ పెంచడం, తగ్గించడం, అన్నీ అదే రోజు జరిగిపోతాయి. ఇక్కడ ఈ పనిలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకాయన గుంటూరు మనిషి. రిపోర్టులు తెరవకముందే, "ఏం పచ్చడి తింటున్నారమ్మా?" అన్నాడు. అమ్మ తల దించుకుంది. అప్పటిదాకా మేం "ఉప్పు తక్కువే" అని అందరికీ చెబుతూ వచ్చాం.

చిక్కంతా డాక్టరు మారే రోజున. మేం చూసినచోట్ల ఏడు రోజులు డ్యూటీ, ఏడు రోజులు సెలవు. మా ఆసుపత్రిలో మంగళవారం మారతారు. సోమవారం దాకా అమ్మ కథంతా తెలిసిన మనిషి వెళ్లిపోతాడు, మర్నాడు కొత్త మనిషి వచ్చి "ఎందుకు చేరారు?" అని మొదటినుంచి అడుగుతాడు.

మూడో అడ్మిషన్‌లో సోమవారం నాటి డాక్టరు ఫ్యూరోసెమైడ్ ఆపి టార్సెమైడ్ మొదలుపెట్టాడు. రెండూ నీరు పోయే మాత్రలే. బుధవారం డిశ్చార్జ్ రాసింది వేరే ఆయన. కొత్త మాత్ర మొదటి పేజీలోనే ఉంది. పాతది ఆపమన్న మాట మూడో పేజీలో, చిన్న అక్షరాల్లో. నేను చూడలేదు, ఎవరూ నోటితో చెప్పలేదు. ఇంట్లో పాత సీసా నిండుగా ఉంది. అమ్మ ఐదు రోజులు రెండూ వేసుకుంది. కళ్లు తిరిగి బాత్రూమ్‌లో పడింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. అదే నాలుగో అడ్మిషన్. తప్పులో నా వాటా కూడా ఉంది, కానీ ఆ కోపం ఇంకా పోలేదు.

మరో దెబ్బ డబ్బు వైపు నుంచి. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు దాటాక అమ్మకు ప్రీమియం కట్టి మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) తీసుకున్నాం. నాలుగోసారి రెండు రాత్రులు మంచం మీదే ఉన్నా, కాగితాల్లో మాత్రం "అబ్జర్వేషన్" అని రాశారు, అంటే ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోలేదు, కనిపెట్టి చూస్తున్నాం అని. పడిపోయిన మనిషి కదా, కొన్నాళ్లు నర్సింగ్ హోమ్‌లో (ఇక్కడ అది ఆసుపత్రి కాదు, కోలుకునేదాకా ఉంచి చూసుకునే చోటు) ఫిజియోథెరపీ చేయిద్దామనుకున్నాం. దానికి మెడికేర్ డబ్బివ్వాలంటే వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. అబ్జర్వేషన్ రాత్రులు లెక్కలోకి రావు. ఆ మాట రాసేది హాస్పిటలిస్టే. కాబట్టి మొదటి రోజే "ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?" అని అడగండి.

వార్డులో వైద్యానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. డిశ్చార్జ్‌కు రెండు ఇవ్వడానికీ చెయ్యి రావడం లేదు.

ఇప్పుడు అమ్మ సంచీలో ఒక కాగితం ఉంటుంది. మందులు, ఆపేసిన మందులు, ఒంట్లో నీరు చేరనప్పటి బరువు, ఫ్యామిలీ డాక్టరు నంబరు, అన్నీ ఒకే పేజీలో. మంగళవారం వచ్చే డాక్టరు కుర్చీ లాక్కునేలోపే అది ఆయన చేతిలో పెడతాం. ఐదోసారి డిశ్చార్జ్ చేసిన డాక్టరమ్మను, "మా ఫ్యామిలీ డాక్టరుకు మీరే ఒక్క మాట చెప్పగలరా?" అని అడిగాను. నా ఎదురుగానే ఫోన్ చేసి, ఏ మాత్ర ఆపిందో, ఎందుకు ఆపిందో చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది.