ఉబ్బిన మచ్చకు ఏది మేలు: షీటా, జెల్లా, కొబ్బరినూనా?

చెవి కుట్టించుకున్నచోట, ఛాతీ మీద మొటిమ చితికినచోట, భుజాన టీకా వేసినచోట గాయం మానిపోయినా కండ పెరుగుతూనే ఉంటే అది కీలాయిడ్ కావచ్చు. మామూలు ఉబ్బు మచ్చ గాయం హద్దులోనే ఆగి, నెలలు గడిచేకొద్దీ కొంత అణుగుతుంది. కీలాయిడ్ ఆ హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకుతుంది. అంటుకునేది కాదు, క్యాన్సరూ కాదు. కానీ దురద, సలుపు పెట్టి విసిగిస్తుంది.

ఇంట్లో రోజూ చేసుకోదగ్గవాటిలో వైద్యులు ముందుగా చెప్పేది సిలికాన్. మచ్చలోని తేమ ఆవిరైపోకుండా పైనుంచి మూతలా కాపాడటమే దాని పని. షీటు రూపంలోనూ దొరుకుతుంది, జెల్ రూపంలోనూ దొరుకుతుంది. దేన్నైనా గాయం పూర్తిగా మూసుకున్నాకే వాడాలి. రెండు మూడు నెలలైనా ఆపకుండా వాడితేనే ఫలితం తెలుస్తుంది.

షీటును రోజుకు కనీసం 12 గంటలు అంటించి ఉంచాలి. రోజూ తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ అంటించుకోవచ్చు. చెప్పినంత తేలిక కాదు. అమలాపురంలోనో రాజోలులోనో రోహిణి కార్తె మధ్యాహ్నం, కరెంటు పోయిన ఇంట్లో ఛాతీ మీద షీటు పెట్టుకు కూర్చుంటే తెలుస్తుంది. చెమటకు అంచులు లేచిపోతాయి, కింద చర్మం నానిపోతుంది, చెమటకాయలు వస్తాయి. అవి గోకితే మచ్చ ఇంకా రేగుతుంది. ధనుర్మాసం చలిలోనూ, రాత్రి ఫ్యాను కిందా అయితే షీటు బాగానే నిలుస్తుంది.

జెల్ పలుచగా రోజుకు రెండుసార్లు రాసి, ఆరనిచ్చాక చొక్కా వేసుకోవాలి. చెవి తమ్మె, దవడ, భుజం లాంటి కదిలే చోట్లకూ, మన ఉక్కపోతకూ ఇదే వీలు. అందుకే ఈ డెల్టాలో ఎండాకాలం నా ఓటు జెల్‌కే. గుణంలో రెంటికీ పెద్ద తేడా లేదు. నెలల తరబడి విసుగు లేకుండా వాడగలిగేదే మంచిది. ఏళ్లనాటి గట్టి కీలాయిడ్‌ను మాత్రం ఏ సిలికానూ కరిగించలేదు. దురద, బిగువు తగ్గితే అదే లాభం.

ఇక కొబ్బరినూనె. కోనసీమలో దాన్ని కాదంటే ఊళ్లో ఉండనిస్తారా! “ఆయ్, మా తోట నూనేనండి, రాస్తే పోద్దండి” అనేవాళ్లు వీధికొకరు. చర్మం మెత్తబడుతుంది, పొడిదనం వల్ల వచ్చే దురద తగ్గుతుంది. మచ్చ చదునైపోతుందని మాత్రం ఆశపడొద్దు. గట్టిగా రుద్దొద్దు. జెల్ రాసేచోట ముందే నూనె రాస్తే జెల్ పట్టదు కాబట్టి రెండూ కలపొద్దు. నిమ్మరసం, సున్నం ఎవరు చెప్పినా వద్దు. చర్మం కాలితే అదే కొత్త గాయం. విటమిన్ ఈ నూనె కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది.

ఒరిపిడి సంగతి చాలామంది పట్టించుకోరు. నడి ఛాతీ మీద కీలాయిడ్ ఉన్న ఆడవాళ్లకు పుస్తెలతాడు రోజంతా దానిమీదే రాసుకుంటుంది. తాడును జాకెట్టు పైకి వేసుకుంటే సగం బాధ తగ్గుతుంది. కొబ్బరి దింపు తీసేవాళ్లకు చెట్టు ఒరిపిడికి జెల్ నిలవదు. పనిలో మందపాటి నూలు చొక్కా, ఇంటికొచ్చి స్నానం చేశాక జెల్. భీమవరం వైపు చెరువుగట్ల మీద ఎండలో తిరిగేవాళ్లకూ చెమటకు కారిపోయే సన్‌స్క్రీన్ కన్నా పొడుగు చేతుల చొక్కాయే నయం. ఎండ తగిలితే మచ్చ నల్లబడుతుంది.

పత్యం మాటకొస్తే, రొయ్యలు, వంకాయ, గోంగూర మానితే కీలాయిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. వరద గోదారిలో పులస దొరికితే నిక్షేపంగా తినండి.

పెరుగుతూనే ఉంటే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కాకినాడ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ మందు ఇంజెక్షన్ సాధారణంగా నాలుగు వారాలకోసారి మచ్చలోకే ఇస్తారు. నొప్పిగానే ఉంటుంది, అక్కడ చర్మం పలచబడి తెల్లమచ్చ పడొచ్చు కూడా. అయినా ఉత్త కోత కన్నా ఇదే మేలు. కోసి వదిలేస్తే సగం మందికి పైగా మళ్లీ వస్తుంది, ఒక్కోసారి మునుపటికన్నా పెద్దదై. చెవి తమ్మెది కోయించుకుంటే ఆ తర్వాత నొక్కి ఉంచే క్లిప్పును రోజుకు 12 గంటలకు తగ్గకుండా నెలల తరబడి పెట్టుకోవాలి.

ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే, ఆడపిల్లకు చెవులు కుట్టించాలనుకున్నప్పుడు పదకొండేళ్లలోపే కుట్టించడం మంచిది. ఆ వయసు దాటాక కుట్టించుకున్నవాళ్లలో ఇవి ఎక్కువ. ఒకసారి వచ్చినవాళ్లు రెండో కుట్టు, ముక్కుపుడక, పచ్చబొట్టు జోలికి పోకుండా, పెళ్లిళ్లకు క్లిప్పు కమ్మలతో సరిపెట్టుకోవాలి.