సకినాలకు ఫుల్ మార్కులు, డబ్బా తూకానికి కోత

నల్గొండ గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న స్వగృహ దుకాణం ఇది. పేరు కావాలనే రాయట్లేదు.

ముందు సకినాల సంగతి. సంక్రాంతికే కాదు, ఏడాది పొడుగునా దొరుకుతాయి. చేత్తో చుట్టినవే, ఒక్కో చుట్టు కాస్త వంకరగా ఉంటుంది, నువ్వులు, వాము సరిగ్గా పడ్డాయి, కరకరలాడతాయి కానీ పంటికి రాయిలా తగలవు. గరిజెల్లో మాత్రం తీపి ఎక్కువ.

ఇక అసలు విషయం. దసరా ముందురోజు అరకిలో కాజు కత్లీ తీసుకున్నా, కిలో 900. పోరడు అట్టడబ్బా కాంటా మీద పెట్టి, జీరో చేయకుండానే ముక్కలు పేర్చాడు. నా వెనకాల పది మంది. అడగాలా వద్దా అనుకునేలోపే డబ్బాకు రబ్బరు బ్యాండు పడింది. ఇంటికొచ్చి ఖాళీ డబ్బాను వంటింటి కాంటా మీద పెడితే 62 గ్రాములు, అంటే ఆ అట్టముక్కకు 55 రూపాయల పైనే కట్టానన్నమాట.

ప్రతిదానికీ నోరు చేసుకునే రకం కాదు నేను. ఇదే షాపులో ప్యాకెట్ మీద 'గరజాలు' అని తప్పుగా ఉంటుంది, నవ్వుకుని ఊరుకున్నా. ఒకసారి కారప్పూస అడిగితే బూందీ కట్టారు, అదీ తినేశాం. విడిగా అమ్మే స్వీట్ల ట్రేల దగ్గర ఎప్పటిలోపు తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబరు నుంచి రూల్ ఉంది, ఇక్కడ కొన్నిటికే ఉంటే మొదటి రోజే అడిగేశా, అది కడుపు సంగతి కదా. డబ్బా దగ్గరే ఎటూ తేల్చుకోలేకపోయా. డబ్బా బరువు తూకంలో కలపకూడదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, అన్నీ తెలుసు, కానీ ఎదురుగా ఉన్న మనిషికి ఒక్క మాట చెప్పకుండా ఫిర్యాదంటే మనసొప్పలేదు.

తర్వాతిసారి మధ్యాహ్నం మూడింటికి, ఎవరూ లేనప్పుడు పోయి, తూచకముందే "అన్నా, డబ్బా పెట్టి జీరో కొట్టినంక వెయ్యవా" అన్నా. తూచాక అంటే కొట్లాటకు వచ్చినట్టు ఉంటది. ఓనరు ఒక్క క్షణం నా మొహం చూసి "అట్లనే అక్కా, మా పోరనికి తెల్వదు" అన్నాడు. నిజంగా తెల్వదో ఏమో.

మొన్న పోతే నన్ను చూడగానే పోరడు జీరో బటన్ నొక్కాడు. సంతోషపడేలోపే, నా తర్వాత ఉన్న పెద్దాయనకు కిలో లడ్డూలు మళ్లీ డబ్బాతో సహా తూచాడు. ఆగలేక "తమ్మీ, జీరో" అన్నా. పెద్దాయనే అడ్డం వచ్చి "పోనియ్ బిడ్డా, గింత దానికి ఎందుకు" అన్నాడు, నాకు తల కొట్టేసినట్టయింది. పోరడు మాత్రం ఏమీ అనకుండా ఇంకో ఖాళీ డబ్బా పెట్టి, బటన్ నొక్కి, అవే లడ్డూలు అందులోకి మార్చాడు. ఇంకో రెండు పట్టాయి.

మూడున్నర స్టార్లు.